‘వృద్ధి కారకం’ రోగికి ఏమని వినిపిస్తుంది?

గుంటూరులో షుగర్ రోగుల కాలి పుండ్ల గురించి ఒక కరపత్రం తెలుగు చేస్తున్నాను. ‘గ్రోత్ ఫ్యాక్టర్’ అన్నచోట పాఠ్యపుస్తకాల ధోరణిలో ‘వృద్ధి కారకం’ అని రాసి మా మేనత్త గారికి చదివి వినిపిస్తే, “వృద్ధి అంటే పురిటి మైల కదా, పుండుకూ దానికీ ఏమిటి సంబంధం?” అని అడిగారు. వృద్ధి సంధి దాకా ఆలోచించిన నాకు ఆ అర్థం తట్టనే లేదు. ‘కారకం’ సంగతి మరీ ఇబ్బంది. వ్యాధికారకం, క్యాన్సర్ కారకం అని పత్రికల్లో చదివి చదివి, ఆ మాట చెవిన పడగానే కీడు శంకిస్తున్నాం.

నిజానికి గ్రోత్ ఫ్యాక్టర్లు కణాలకు కబురు మోసే ప్రోటీన్లు. గాయమై రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వీటిని విడుదల చేస్తాయి. ఆ కబురు అందిన కణాలు గాయంలోకి కదలివచ్చి సంఖ్య పెంచుకోగా, సన్నని రక్తనాళాలు మొలిచి, చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే పోగు పేరుకొని, ఎర్రని లేత కండ పడుతుంది. తొడ చర్మం తీసి వేరొకచోట అతికినప్పుడు కూడా, అడుగునుంచి నాళాలు అందులోకి పాకితేనే ఆ ముక్క బతుకుతుంది. ఈ ప్రోటీన్లను కనుగొన్నందుకు స్టాన్లీ కోహెన్, రీటా లెవీ మోంటాల్చీనిలకు 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. వీటిలో ఒకదాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, బెకాప్లెర్మిన్ పేరుతో షుగర్ కాలి పుండ్లపై పూయడానికి 1997లో అమెరికా అనుమతించింది.

‘పుండు మానింది’ అనే మన మాటనుంచి ‘మాన్పు ప్రోటీను’ అని పెడితే ఎలా ఉంటుంది?

విజయవాడ సభ్యులొకరి జవాబు: మాట బాగుంది కానీ, అది హామీ ఇస్తోంది. కాలికి రక్తప్రసరణ లేకపోయినా, చీము తీయకపోయినా, పుండు మీద బరువు మోపుతూనే ఉన్నా ఏ పూతా పనిచేయదు. పైగా పెరగమనే కబురు కనుక, పూయవలసిన చోట క్యాన్సర్ ఉంటే ఆ మందు వాడకూడదు. ‘మాన్పు’లో ఆ హెచ్చరిక వినిపించదు.

నా జవాబు: ఒప్పుకుంటున్నానండీ. ‘గ్రోత్ ఫ్యాక్టర్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్లు’ అని వివరిస్తాను. పక్కు కట్టడం, కండ పట్టడం వంటి మాటల జోలికి మాత్రం పోను. వాటికి సంస్కృత సమాసాలు కడితే మా మేనత్త గారు మళ్లీ నిలదీస్తారు.