అప్‌డేట్: నా కెర్నల్ బూట్ అయింది!

లినక్స్ కెర్నల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు కీలక భాగం) సోర్స్ కోడ్ నుంచి నేనే తయారు చేసుకుంటుంటే, కంపైల్ మధ్యలో ఆగిపోతోందని పోయిన వారం అడిగాను కదా, ఈరోజు పనైంది. నా డిస్ట్రో (నేను వాడే లినక్స్ రకం) కెర్నల్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైల్‌ని అలాగే కాపీ చేసుకోవడమే నేను చేసిన తప్పు. అందులో 'సిస్టమ్ ట్రస్టెడ్ కీస్' (కెర్నల్ నమ్మాల్సిన కీలు) అనే సెట్టింగ్ దగ్గర ఒక సర్టిఫికెట్ ఫైల్ పేరుంది. ఆ ఫైలేమో నేను దించుకున్న సోర్స్‌లో లేనే లేదు. పేరు తీసేసి, కొటేషన్ గుర్తుల మధ్య ఖాళీ వదిలేశాను. రద్దైన కీల కోసం ఉండే 'రివొకేషన్ కీస్' సెట్టింగ్‌కీ అంతే చేశాను.

మీరు చెప్పిన 'మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' కమాండ్ అద్భుతం. అప్పటికి లోడై ఉన్న మాడ్యూల్సే (డ్రైవర్ల లాంటి కెర్నల్ ముక్కలు) ఉంచుతుంది కాబట్టి కంపైల్ టైమ్ బాగా తగ్గింది. ఒక్క మాట: దాన్ని నడిపే ముందు మీరు వాడే యూఎస్‌బీ పరికరాలన్నీ తగిలించి పెట్టుకోండి. నేను మర్చిపోయాను, కొత్త కెర్నల్‌లో పెన్‌డ్రైవ్ కనబడలేదు, మళ్లీ కంపైల్ చేయాల్సొచ్చింది.

పాత కెర్నల్ గ్రబ్ మెనూలో (ఏ కెర్నల్‌తో బూట్ అవ్వాలో ఎంచుకునే మెనూ) అలాగే ఉంది, అందుకే రీబూట్ చేసేటప్పుడు టెన్షన్ పడలేదు. నడుస్తున్న కెర్నల్ వెర్షన్ చూపించే 'యూనేమ్ -ఆర్' కమాండ్ కొడితే వెర్షన్ చివర నేను తగిలించిన పేరు కనబడింది! చాలా థాంక్స్ అండీ.