టోల్కీన్ కథలు ఇటలీ ఫార్ రైట్ సొంతం ఎలా అయ్యాయి? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండీ. ఇంటర్ నుంచీ నాకు ఇంగ్లీషు రచయిత టోల్కీన్ రాసిన ఫాంటసీ నవల లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అంటే ప్రాణం. ఈమధ్య ఇటలీ రాజకీయాల గురించి చదువుతుంటే మనసు చివుక్కుమంది. ముస్సోలినీ అనుచరులు 1946లో పెట్టిన ఎమ్మెస్సై (ఇటాలియన్ సోషల్ మూవ్‌మెంట్) అనే ఫార్ రైట్ పార్టీ కుర్రాళ్లు 1977లో మోంటెసార్కియో అనే ఊళ్లో పాటలు, చర్చలతో ఒక శిబిరం పెట్టారు, దానికి వాళ్లు పెట్టుకున్న పేరు హాబిట్ క్యాంప్ (హాబిట్లంటే టోల్కీన్ కథల్లోని పొట్టి మనుషులు)! ఇప్పటి ప్రధాని మెలోనీ కూడా ఆ పార్టీ యువజన విభాగం నుంచి వచ్చినవారే, టోల్కీన్ అభిమాని. మెలోనీ పార్టీ వాళ్లు ఏటా జరిపే ఆత్రేయు సభ పేరు కూడా ఒక ఫాంటసీ నవలలోని కుర్రాడిదే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడి, అందరూ వెలివేసినట్టు బతికిన వాళ్లకి 'పెద్ద చీకటితో పోరాడే చిన్న గుంపు' అనే కథ ఎందుకు నచ్చిందో కొంత అర్థమవుతుంది. కానీ 1938లో, నాజీల పాలనలో, జర్మన్ ప్రచురణకర్తలు మీరు ఆర్యులేనా అని అడిగితే మండిపడ్డ మనిషి కదా టోల్కీన్!

నా సందేహం ఒక్కటే. 1970లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఇటాలియన్ అనువాదానికి అక్కడి రచయిత ఎలెమీరే జోల్లా రాసిన ముందుమాటే దీనికి దారి వేసిందా, లేక అక్కడి లెఫ్ట్ వాళ్లు ఈ కథల్ని పట్టించుకోకపోవడం వల్లనా? ఇంగ్లీషులో మంచి పుస్తకం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇటలీలో ఉంటున్న తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడి మామూలు పాఠకులు దీన్ని ఎలా చూస్తారో కూడా రాయండి.