చిన్న బోటుకి మడత టాపు: కీళ్లు ఎక్కడ బిగించాలి?

దిండి రేవు:
అందరికీ నమస్కారం. మాది 16 అడుగుల ఫైబర్ బోటు, వెనక మోటారు. వారానికోసారి నాన్నగారిని వశిష్ఠ గోదావరి మీద అంతర్వేది వైపు తీసుకెళ్తాను. ఆయనకి 74 ఏళ్లు. పోయిన ఏడు మే నెలలో ఎండదెబ్బ తగిలి రెండు రోజులు లేవలేదు. బరకం కట్టి చూశాను, గాలికి కొట్టుకుని చిరిగిపోయింది. అందుకే ఈసారి మూడు కమాన్ల (వంపు పైపుల) మడత టాపు కొన్నాను, నీడకి ఎత్తి దించుకునే గుడ్డ కప్పు. 6 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు, అల్యూమినియం పైపులు. నాన్నగారి సీటు బోటు వెనక అంచుకి 4 అడుగుల దూరంలో ఉంది. కమాన్లు బోటుకి బిగించే కీళ్లు ఆ సీటుకి సరిగ్గా పక్కనే పెడదామనుకుంటున్నా. రంధ్రాలు వేశాక మార్చలేం కదా, అదే టెన్షన్.

నరసాపురం మెకానిక్:
తమ్ముడూ, డ్రిల్లు పక్కన పెట్టు. కీలు నీడకి మధ్యలో వస్తుంది కాబట్టి పెద్ద కమాను 3 అడుగులు వెనక్కి వాలి 4 అడుగులు పైకి లేస్తుంది. అంటే దాని పొడవు 5 అడుగులు. మడిచి వెనక్కి పడుకోబెడితే మోటారు మీదకి అడుగు వచ్చేస్తుంది, హ్యాండిల్ తిప్పలేవు. కీళ్లు రెండడుగులు ముందుకి జరుపు, సీటు కూడా జరుపు. ముందు తాళ్లతో కట్టి, రెండుసార్లు మడిచి చూసుకో.

ఫైబర్‌కి ఉత్త స్క్రూలు వద్దు, ఊడివస్తాయి. అవతలికి దూరే బోల్టు వేసి కింద వెడల్పు పట్టీ పెట్టి బిగించు, నీరు దిగకుండా రంధ్రంలో సీలెంట్ నింపు. మనది పోటుకి ఉప్పునీరు ఎక్కే చోటు, బోల్టులు ఉప్పునీటి తుప్పు తట్టుకునే 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకో. అల్యూమినియానికి స్టీలు తగిలేచోట నైలాన్ వాషరు వెయ్యకపోతే తెల్లగా పొడి రాలి పైపు తినేస్తుంది.

యానాం బాబాయ్:
అబ్బాయ్, టాపంటే తెరచాపే అనుకో. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక పక్క నుంచి కొడితే చిన్న బోటు ఒరుగుతుంది. జోరుగా పోయేటప్పుడూ, మబ్బు పట్టినప్పుడూ దించెయ్యి. రేవులో కట్టి వదిలేసేటప్పుడు అసలు ఎత్తి ఉంచకు, రాత్రి ఈదురుగాలి చెప్పి రాదు. నాన్నగారు లేచేటప్పుడు ఆ పైపు పట్టుకోకుండా చూడు, అది మనిషి బరువుకి చేసింది కాదు. తడి గుడ్డ మడిచి పెడితే బూజు పడుతుంది, ఆరబెట్టాకే సంచిలో దూర్చు.

దిండి రేవు:
అన్నా, బాబాయ్ గారూ, ప్రాణం నిలబెట్టారు. మీరన్నట్టు తాళ్లతో కట్టి చూశాను. నేననుకున్న చోట పెట్టుంటే నిజంగానే మోటారుకి తగిలేది. నిన్న రెండడుగులు ముందుకి జరిపి బోల్టులు బిగించాను. సీటు కూడా జరిపాను. నాన్నగారు చించినాడ వంతెన దాకా తలపాగా తీసేసి కూర్చున్నారు. ఒక్క సందేహం: టాపుని ముందువైపు లాగి కట్టే బెల్టులు తడిసి సాగుతున్నాయి, నైలాన్‌వి. మార్చాలా?

నరసాపురం మెకానిక్:
మార్చు. నైలాన్ తడిస్తే సాగుతుంది, పాలిస్టర్ అంత సాగదు. వెనక బెల్టులు కూడా పాలిస్టర్‌వే వెయ్యి.