డబ్బు తగలేసే కథకి విలన్ కావాలా?

పాతరీలు: నిన్న ‘అరుణాచలం’ (1997) మళ్ళీ చూశాను. 30 రోజుల్లో 30 కోట్లు ఖర్చు చేస్తే 3000 కోట్లు. ఈ కథ మూలం 1902 నాటి అమెరికా నవల ‘బ్రూస్టర్స్ మిలియన్స్’. 1906లో న్యూయార్క్‌లో నాటకమై నవ్వులు పండించింది. మన ‘వద్దంటే డబ్బు’ (1954), ‘బాబాయ్ అబ్బాయ్’ (1985) కూడా ఈ కోవలోవే. నా గొడవ ఒక్కటే: ‘అరుణాచలం’లో విలన్లని తెచ్చి ప్రహసనాన్ని చంపేశారు.

గోదారోడు: విలన్ లేకపోతే రజనీకాంత్ ఎవర్ని కొట్టాలండీ? మన జనానికి ఫైటు ఉండాలి.

పాతరీలు: అసలు నవల్లో హీరోకి అడ్డుపడేది స్నేహితులే. తాత ఇచ్చిన పది లక్షల డాలర్లూ ఏడాదిలో ఖర్చయిపోవాలి, చేతిలో చిల్లిగవ్వ మిగలకూడదు, ఎందుకో ఎవరికీ చెప్పకూడదు. అప్పుడే మేనమామ 70 లక్షలు దక్కుతాయి. పాపం మిత్రులకి షరతు తెలీదు. వీడికి పిచ్చెక్కిందనుకుని, ఓడ మీద తిరగబడి మరీ పొదుపు చేయిస్తారు. ప్రేమగా పీక నొక్కడమంటే అదీ! పందెం కడితే గెలుస్తాడు, పనికిరాని షేర్లు కొంటే రేటు పెరుగుతుంది. ఇంత ఉండగా ఇంకా దుర్మార్గుడెందుకు?

సీతమ్మ_మనవరాలు: మీరు మేనమామ సంగతి వదిలేశారు. తన చెల్లెలికి అన్యాయం చేసిన ఆ ముసలి తాత సొమ్ము మేనల్లుడి దగ్గర పైసా కూడా ఉండకూడదని ఆయన పంతం. రజనీ సినిమాలో అది తండ్రి చెప్పే పాఠమైంది, కొడుక్కి డబ్బంటే వెగటు పుట్టాలని. పంతంలో నవ్వు ఉంది, పాఠంలో ఎక్కడుంది?

గోదారోడు: ఒప్పుకోను. ఆ నవల 1985 హాలీవుడ్ సినిమాలోనూ లాయర్ల కుట్ర ఉంది. అయినా అందులో హీరో రిచర్డ్ ప్రయర్ అరుదైన స్టాంపు కొని కార్డుకి అంటించి పోస్ట్ చేసేస్తాడు చూడండి, పొట్ట చెక్కలే. కుట్ర ఉన్నంత మాత్రాన నవ్వు చావదు.

పాతరీలు: స్టాంపు సీనుకి నేనూ పడిపోయాను, సరే. కానీ ఆ సీన్లో విలన్ ఉన్నాడా?

గోదారోడు: ...లేడనుకోండి. అయినా ఫైటు ఉండాల్సిందే.