‘గురి’ చెప్పేవాడిని ఏమనాలి?

పర్లాకిమిడి నుంచి:
పెద్దలకు నమస్కారం. ఆర్టిలరీలో ‘ఫార్వర్డ్ అబ్జర్వర్’ అంటారే, ఆయనకు తెలుగులో మంచి మాట కావాలి. ‘ముందువరుస పరిశీలకుడు’ అని ఒకచోట చూశాను. వినగానే ఎన్నికల పరిశీలకుడు గుర్తొచ్చాడు.

మా చిన్నాన్న ఫిరంగి దళంలో చేసి రిటైరయ్యారు. ఆ పని ఏమిటో అరుగు మీద చింతపిక్కలతో చూపించారు. మధ్యలో చెంబు పెట్టి, ఇదీ కొండ అన్నారు. ఇవతల నాలుగు పిక్కలు ఫిరంగులు. వాటికి అవతలిది కనబడదు. కాల్బలంతో పాటు వైర్‌లెస్ సెట్ పట్టుకుని కొండెక్కిన ఒక్క పిక్కకే కనబడుతుంది. మొదటి గుండు ఎక్కడ పడిందో చూసి ‘ఇంకో 200 మీటర్లు ముందుకు, 50 ఎడమకు’ అని ఆయన చెప్పాలి. గురి కుదిరాక ఫిరంగులన్నీ కలిసి పేలతాయి. లెక్క తప్పితే గుండు మనవాళ్ల మీదే పడుతుంది.

బరంపురం నుంచి:
‘గురికాడు’ ఉంది కదండీ, విలుకాడు, వేటకాడు లాగే.

పర్లాకిమిడి నుంచి:
నేనూ మొదట అదే అనుకున్నానండి. కానీ గురికాడు తానే కొడతాడు, ఈయన కొట్టిస్తాడు. అయినా ‘గురి’ని వదలబుద్ధి కావడం లేదు. గురి చూడటం సరే. ‘ఆ డాక్టరు మీద మాకు గురి’ అంటాం చూడండి, తమకు కనబడని చోటికి ఫిరంగివాళ్లు గుండు వేసేది ఆ గురితోనే. ఇక ‘దాడికి గురి కావడం’ ఉండనే ఉంది. 1944 డిసెంబరు 26న ఇటలీలోని సొమ్మొకొలోనియా ఊళ్లో అమెరికా లెఫ్టినెంట్ జాన్ ఫాక్స్ అలాగే గురయ్యాడు. తనవాళ్లు వెనక్కి తగ్గుతుంటే ఒక ఇంటి పై అంతస్తులో ఉండిపోయాడు. గుండ్లను దగ్గరకు, ఇంకా దగ్గరకు రప్పించి, చివరికి తానున్న ఇంటి మీదే వేయమన్నాడు. ఊరు మళ్లీ చేజిక్కాక చూస్తే ఆయన శవం, చుట్టూ సుమారు 100 మంది జర్మన్ సైనికుల శవాలు. ఆయన నల్లజాతివాడు. అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ 1997లో గానీ రాలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

జయపురం నుంచి:
మరి మీ చిన్నాన్నగారు ఏమనేవారు?

పర్లాకిమిడి నుంచి:
‘ఓపీ’ అనేనండి, ‘అబ్జర్వేషన్ పోస్ట్’కి పొట్టి పేరు. ‘ఓపీ సాబ్ పైకెళ్లాడు’ అంటారు. గిడుగు రామమూర్తిగారు పాఠం చెప్పిన ఊళ్లో ఉంటూ, సైనికుల నోట్లో నలిగిన ఆ మాటను నేను తోసేయలేను. నా వ్యాసంలో మొదట ‘గురి చెప్పే ఓపీ’ అని రాసి, తర్వాత ఉత్త ‘ఓపీ’ అనే ఉంచుతున్నాను. గుణుపురం, రాయగడ వైపు మాజీ సైనికుల ఇళ్లలో వేరే మాట వినబడితే చెప్పండి, మారుస్తాను.