2004 జిప్సీ కింగ్: 65 దాటగానే వెనక నుంచి హోరు. క్రౌన్ పినియన్ మార్చాల్సిందేనా?

మధురవాడ_జిప్సీ:
అందరికీ నమస్కారం. బండి 2004 జిప్సీ కింగ్ ఎంపీఎఫ్‌ఐ, టైర్లు 205/70 ఆర్15. స్పీడు 65 దాటితే వెనక నుంచి 'ఊఁ...' అని హోరు మొదలవుతోంది. 70–75 మధ్య పక్కనున్న మనిషి మాట వినబడదు, 85 దాటాక సగానికి తగ్గుతుంది. ఆనందపురం–అనకాపల్లి హైవే మీద బాగా తెలుస్తోంది. ఫోర్త్‌లోనూ ఫిఫ్త్‌లోనూ ఒకటే స్థాయి. న్యూట్రల్ చేసి వదిలేసినా అలాగే ఉంటుంది. ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాలని యాక్సిల్ నుంచి విడదీసేవి) ఫ్రీలోనే ఉన్నాయి, 2హెచ్‌లోనే (వెనక చక్రాలకే పవర్) నడుపుతున్నాను. ఈ మధ్య వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి (వెనక యాక్సిల్‌కి పవర్ తీసుకెళ్లే గొట్టం) రెండు క్రాసులూ (షాఫ్ట్ చివర్ల వంగే జాయింట్లు), కమాన్ కట్టల బుష్షులూ మార్పించాను. మెకానిక్ వెనక యాక్సిల్ హౌసింగ్ విప్పి క్రౌన్ పినియన్ సెట్ (డిఫరెన్షియల్ లోపలి ప్రధాన గేర్ల జత) మార్చాలంటున్నారు. అంత ఖర్చు పెట్టేముందు ఏమేం చూసుకోవాలి?

గాజువాక_లేత్:
అప్పుడే హౌసింగ్ జోలికి వెళ్లకండి. గేరు మార్చినా, న్యూట్రల్ చేసినా శబ్దం మారలేదంటే ఇంజనూ సైలెన్సరూ కారణం కాదు, చక్రాలతో పాటు తిరిగేదే ఏదో మోగుతోంది. అదేదో లెక్క వేసి పట్టుకోవచ్చు.

మీ టైరు ఒక చుట్టుకి దాదాపు 2.1 మీటర్లు నడుస్తుంది. 72 కి.మీ. వేగమంటే సెకనుకి 20 మీటర్లు, చక్రం సెకనుకి తొమ్మిదిన్నర చుట్లు. డిఫరెన్షియల్ రేషియో 3.9 కాబట్టి వెనక షాఫ్ట్ సెకనుకి 37 చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే 37 హెర్ట్జ్ (సెకనుకి 37 కంపనాలు). క్రాసుల్లో తేడా ఉంటే చుట్టుకి రెండు కుదుపులు, అంటే 74 హెర్ట్జ్. క్రౌన్ పినియన్ పళ్ల శబ్దం వీటికి ఎన్నో రెట్లు పైన, మూడు నాలుగు వందల హెర్ట్జ్ మీద ఉంటుంది. అది 'కుయ్' అని సన్నగా ఏడుస్తుంది, హోరెత్తదు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా మారుతుంది కూడా. మీరు రాసింది ఆ లక్షణం కాదు.

ఫోన్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపే యాప్ ఏదైనా వేసుకోండి. పక్కన ఇంకొకరు ఫోన్ పట్టుకుంటే, అద్దాలు మూసి, 72 దగ్గర నిలకడగా నడిపి అంకె చెప్పండి. స్పీడోమీటరు కన్నా జీపీఎస్ వేగం నమ్మండి.

భీమిలి_ఫోర్‌బైఫోర్:
లెక్క బాగుంది గానీ టైర్లనూ బేరింగ్‌లనూ ముందు తీసేద్దాం, పైసా ఖర్చు లేదు. ట్రెడ్ మీద అరచేత్తో ముందుకీ వెనక్కీ నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా తగిలితే టైరు మోతే. గాలి 8–10 పాయింట్లు పెంచి అదే రోడ్డు మీద నడిపితే టైరు మోత తీరు మారుతుంది. బేరింగ్ మోత మారదు. పరీక్ష అయ్యాక మళ్లీ తగ్గించేయండి.

బేరింగ్ కోసం ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి స్టాండ్ మీద నిలపండి. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతి వేళ్లు కమాన్ కట్ట మీద ఆనించండి. పోయిన బేరింగ్ గరగర చెవికి వినబడకపోయినా వేళ్లకి తెలుస్తుంది. బీచ్‌లో ఇసుకలో దింపే బండ్లకి ఇది తప్పనిసరి. ఉప్పు నీళ్లు సీల్ దాటి లోపలికి వెళ్తే బేరింగ్ లోపల చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

వెనక బేరింగ్ మార్చాల్సి వస్తే ఒక్క మాట. యాక్సిల్ మీద బేరింగ్‌ని పట్టి ఉంచే రిటైనర్ రింగుని గ్రైండర్‌తో గాటు పెట్టి ఉలితో చీల్చాలి, గ్రైండర్ షాఫ్ట్‌ని తాకకూడదు. పాత రింగ్ మళ్లీ వాడొద్దు. ఆయిల్ సీల్ కొత్తది వేయించండి, లేకపోతే ఆయిల్ కారి బ్రేక్ షూలు తడుస్తాయి.

మధురవాడ_జిప్సీ:
చూశానండి. టైర్లు నున్నగానే ఉన్నాయి, గాలి పెంచినా తేడా లేదు. చక్రాలు మెత్తగా తిరుగుతున్నాయి, గరగర లేదు. యాప్‌లో గట్టి గీత 74 దగ్గరే!

గాజువాక_లేత్:
అయితే దాదాపు దొరికినట్టే. బండి కింద దూరి షాఫ్ట్ రెండు చివర్ల యోకులూ (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్కలు) చూడండి. ఒకే షాఫ్ట్‌కి ముందూ వెనకా ఉన్న యోకుల చెవులు ఒకే వరసలో ఉండాలి. ముందుది నిలువుగా ఉన్నప్పుడు వెనకదీ నిలువుగానే ఉండాలి. క్రాస్ వంపులో తిరిగేటప్పుడు చుట్టుకి రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది, ఆ తేడాని రెండో క్రాస్ సరిచేస్తుంది. క్రాసులు మార్చేటప్పుడు స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు సర్దుకునే పళ్ల జాయింట్) ఊడదీసి, గుర్తు చూడకుండా ఒకటి రెండు పళ్లు తేడాతో తోసేస్తే సరిచేయడం పోయి కుదుపు మిగిలిపోతుంది. 74 హెర్ట్జ్ దగ్గర బాడీ రేకు కూడా కలిసి మోగితే హోరు రెట్టింపు.

విప్పే ముందు చక్రాలకి రాళ్లు పెట్టండి. వెనక షాఫ్ట్ విప్పాక గేరులో ఉన్నా బండి ఆగదు. రెండు చివర్లా ఫ్లాంజ్ మీద పెయింట్‌తో గీత గీసి, నాలుగేసి బోల్టులు తీసి షాఫ్ట్ దించండి. చదునైన నేల మీద పెడితే యోకుల తేడా ఇట్టే కనబడుతుంది. స్లిప్ జాయింట్ లాగి, వరస కలిపి మళ్లీ తోయండి.

చేతిలో ఉండగానే క్రాసులు నాలుగు వైపులా వంచి చూడండి. ఒక వైపు బిగుసుకుపోతే కప్పులో నీడిల్ (సూది లాంటి సన్నటి రోలర్) ఒకటి అడ్డం పడి ఉంటుంది. అప్పుడు కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. దాన్ని సుత్తితో కొట్టి దింపొద్దు. కప్పు తీసి, నీడిల్స్‌ని గ్రీజుతో గోడకి అతికించి, వైస్‌లో మెల్లగా నొక్కాలి.

అరకు_గెడ్డదారి:
షాఫ్ట్ దిగాక ఇంకో రెండు చూడండి. జిప్సీకి ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందూ వెనకా షాఫ్ట్‌లకి పవర్ పంచే పెట్టె) గేర్‌బాక్స్‌కి విడిగా, రబ్బరు మౌంటుల మీద ఉంటుంది. ఏ ఒక్క రబ్బరు చీలినా కేస్ ఒక పక్కకి వాలి షాఫ్ట్ వంపు మారిపోతుంది, వరస కలిపినా కొంత హోరు మిగులుతుంది. రెండోది హౌసింగ్ బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే దారి). మన వైపు గెడ్డలు దాటే బండ్లకి అది మట్టితో మూసుకుపోతుంది. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగేసరికి లోపలి గాలి కుంచించుకుని సీల్ దగ్గర నీళ్లు లాగేస్తుంది. డ్రెయిన్ బోల్టు విప్పినప్పుడు ఆయిల్ పాలలా వస్తే నీళ్లు చేరినట్టే. 80డబ్ల్యూ-90 జీఎల్-5 గేర్ ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు వరకు పోయండి.

మధురవాడ_జిప్సీ:
వరస రెండు పళ్లు తప్పి ఉంది. సరిచేశాక 72 దగ్గర హోరు పూర్తిగా పోయింది, యాప్‌లో 74 గీత కూడా లేదు. మౌంటులు బాగున్నాయి, ఆయిల్ శుభ్రంగానే ఉంది. ఇప్పుడు యాక్సిలరేటర్ వదిలినప్పుడు మాత్రం 50 దగ్గర సన్నటి ఏడుపు వినబడుతోంది. ఇంతకుముందు హోరులో తెలిసేది కాదనుకుంటాను.

గాజువాక_లేత్:
అది పినియన్ వైపు. షాఫ్ట్ మళ్లీ దించి, పినియన్ ఫ్లాంజ్ పట్టుకుని పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ లాగండి. కొంచెం కూడా ఆడకూడదు. ఆడితే పినియన్ బేరింగ్‌లు పోతున్నట్టు. ఎవరైనా 'నట్ బిగిస్తే సరి' అంటే ఒప్పుకోకండి. లోపలి స్పేసర్ (బేరింగ్‌ల మధ్య ఉండే గొట్టం) ఒకసారే నలుగుతుంది. పాతదాని మీద ఇంకా బిగిస్తే బేరింగ్ వేడెక్కి కాలిపోతుంది. కొత్త బేరింగ్‌లు, కొత్త స్పేసర్, కొత్త సీల్ వేసి, ప్రీలోడ్ (బేరింగ్ బిగువు) కొలిచి బిగించే చోటే చేయించండి. ఫ్లాంజ్ ఆడకపోతే ఆ ఏడుపుతో ప్రస్తుతానికి నడుపుకోవచ్చు, ఆయిల్ లెవెల్ మాత్రం చూస్తూ ఉండండి.