‘ప్రతిఘటన’ది దర్శకత్వమా, స్టేజీ నాటకమా? ‘శివ’ పక్కన పెట్టి చెప్పండి

కర్నూలురోడ్డు కుర్రోడు:
ఒంగోల్లో టీ బంకు కాడ మొదలైన వాదన ఇది, అక్కడ తెగలేదు. తెలుగులో దర్శకత్వం అంటే ఏందో ‘శివ’ (1989) వచ్చాకే తెలిసిందని నా మాట. దానికి నాలుగేళ్ల ముందొచ్చిన ‘ప్రతిఘటన’ (1985)దీ రౌడీ, రాజకీయం, కాలేజీ కథే. కానీ అందులో కెమెరా ఒకచోట నిలబడి ఉంటది, మనుషులే దాని ముందుకొచ్చి మాట్లాడి పోతుంటారు. మతి చెడిన కానిస్టేబులుగా సుత్తివేలు వచ్చాడంటే ఇక ఉపన్యాసమే. అది తీసిన టి. కృష్ణ మన జిల్లావాడని నెత్తిన పెట్టుకోవడం వేరు, దర్శకుడిగా తూచడం వేరు.

కందుకూరు మాస్టారు:
అబ్బాయ్, కెమెరా కదిలితేనే దర్శకత్వమా? టి. కృష్ణ కమ్యూనిస్టుల నాటక సంస్థ ప్రజానాట్యమండలిలో తయారైన మనిషి. ఊళ్లో ఆడే ఆ నాటకాల్లో నటుడు పక్కవాడితో మాట్లాడుతున్నట్టే ఉంటాడు, చూపు మాత్రం కింద కూర్చున్న జనం మీదే. ఆ చూపునే ఆయన తెర మీదికి తెచ్చాడు.

తరగతి గది సన్నివేశం గుర్తు తెచ్చుకో. రౌడీ కాళి నడివీధిలో లెక్చరర్ ఝాన్సీని వివస్త్రను చేశాక, ఆమె మళ్లీ పాఠం చెప్పడానికి వస్తుంది. నల్లబల్ల మీద ఆమెను వెక్కిరిస్తూ బొమ్మ గీసి ఉంటుంది. అప్పుడొస్తుంది వేటూరి పాట, జానకి గొంతులో. వింటున్నదెవరు? బెంచీల్లో ఉన్న పిల్లలు. హాల్లో కూర్చున్న మనమూ ఆ బెంచీల్లోనే ఉన్నాం. ఆమె సూటిగా మనవైపు చూసి అడుగుతుంటే తప్పుకునే సందు లేదు. కెమెరా ఆమె చుట్టూ తిరిగి విన్యాసాలు చేసుంటే మనం హాయిగా ఆ విన్యాసం చూస్తూ కూర్చునేవాళ్లం.

నెల్లూరు చేపలపులుసు:
మాస్టారూ, బాగానే జెప్పినారు గానీ, ఒక్క పాటకే క్లాసంతా సిగ్గుతో తలొంచుకుంటే నమ్మబళ్ళా? ‘శివ’లో హీరో శివ సైకిల్ చైను లాగేటప్పుడు ఎవురైనా పాట పాడినారా? ఉపన్యాసం ఇచ్చినారా? చెయ్యి, చైను, ఆ చప్పుడు. హాలు దద్దరిల్లిపొయ్యింది. శివ అన్న కూతుర్ని సైకిలెక్కించుకోని సందుల్లో తొక్కతా ఉంటే వెనకాల కార్లు తరుముతాయే, అప్పుడు మనమూ ఆ సైకిల్ మీదే ఉన్నట్టుంటాది. స్టెడీక్యామ్‌ని అంత ధైర్యంగా వాడింది డైరెక్టరు రాంగోపాల్ వర్మ, కెమెరామన్ ఎస్. గోపాలరెడ్డి. ఆపరేటరు దాన్ని ఒంటికి కట్టుకోని నడిచినా, ఉరికినా బొమ్మ అదరదు. వాళ్లు దాన్ని గొప్పకి తెచ్చుకోలా, భయం పుట్టించడానికి తెచ్చుకున్నారు.

చీరాల మగ్గం:
‘శివ’ గురించి మాట్లాడేవాళ్లెవరూ అమల వేసిన ఆశ పాత్ర ఊసెత్తరేం? కెమెరా ఎంతసేపూ శివ వెంటే. ఆశ పాటలకొస్తుంది, తర్వాత ఇంట్లో కూర్చుని భయపడుతుంది. ఆమె కళ్లతో ఒక్క సన్నివేశమైనా తీశారా? ‘ప్రతిఘటన’లో భర్త చంద్రమోహన్ లాయరై ఉండి కూడా వెనక్కి తగ్గుతాడు, కథ మొత్తం ఝాన్సీగా వేసిన విజయశాంతి మొహం మీద నడుస్తుంది. అరుపులు ఎక్కువే, ఒప్పుకుంటా. మెల్లగా చెబితే ఆ రోజుల్లో ఎవరు విన్నారు కనుక!

నెల్లూరు చేపలపులుసు:
అక్కా, అది కథ సంగతి. ఈడ మాట్లాడేది తీసిన తీరు గురించి.

చీరాల మగ్గం:
ఎవరి మొహం మీద కెమెరా పెట్టాలన్నది తీసిన తీరు కాదా తమ్ముడూ?

అద్దంకి బస్టాండు:
ఇద్దరు దర్శకుల తేడా తెలియాలంటే కోట శ్రీనివాసరావుని పట్టుకోండి. రెండింటిలోనూ ఆయన రాజకీయ నాయకుడే. ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్య తెలంగాణ యాసలో నవ్విస్తూనే ఒళ్లు జలదరించేలా చేస్తాడు. ప్రతి మాటా చప్పట్ల కోసం ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది, అదీ స్టేజీ కొలతే. ‘శివ’లో మాచిరాజు మనకోసం మాట్లాడడు, గదిలో ఉన్నవాడికి వినబడితే చాలు. అందులో రఘువరన్ వేసిన రౌడీ భవానీ అంతే, గొంతు పెంచడు. నటుడు ఒకడే, దర్శకుడు మారేసరికి ఎంత మారాడో చూడండి. నా ఓటు ‘శివ’కే, అయితే కాశయ్య లేకుండా మాచిరాజు పుట్టేవాడా అని అప్పుడప్పుడు అనుమానం.

కందుకూరు మాస్టారు:
‘శివ’లో ఉపన్యాసం లేదన్నారు, బాగుంది. ‘బోటనీ పాఠముంది’ పాట మాటేంటి? అంత బిగువుగా నడిచే సినిమా, పాట రాగానే మామూలు కాలేజీ సినిమా అయిపోతుంది. ఇళయరాజా నేపథ్య సంగీతం కథలో కలిసిపోయింది, పాటలు కలవలేదు. ‘ప్రతిఘటన’లో ఆ తరగతి గది పాట తీసెయ్, కథ అక్కడే తెగిపోతుంది. పాటని కథకి కీలుగా వాడటం కూడా దర్శకుడి పనే.

కర్నూలురోడ్డు కుర్రోడు:
పాటల సంగతిలో మీకే మార్కులు మాస్టారూ. కానీ ఒక పరీక్ష. ‘ప్రతిఘటన’ని శబ్దం తీసేసి చూడండి, మిగిలేదెంత? ‘శివ’ని కళ్లు మూసుకుని వినండి, ఎవరో వెనకాల వస్తున్నట్టే ఉంటది. కొత్త శబ్దంతో 2025లో మళ్లీ విడుదలైందని ఈ మాట అనట్లేదు, పాత ప్రింటుకీ ఇదే మాట.

కందుకూరు మాస్టారు:
ఒకదానికి చెవి మూసి, ఇంకోదానికి చెవి తెరిచి పరీక్షా? బాగుందయ్యా నీ తక్కెడ. సరే, నీ పరీక్షే పెట్టు. గెలిచిన కాళికి జనం మధ్య సన్మానం, అదే వేదిక మీదికి ఝాన్సీ గొడ్డలితో. అన్నేళ్లుగా జనానికి ఎదురుగా నిలబడి మాట్లాడించిన దర్శకుడు, చంపడం కూడా ఆ జనం కళ్లముందే చేయించాడు. శబ్దం తీసేసి ఆ ఆఖరి రీలు చూడు. చూశాక రా, మాట్లాడదాం.